పుట్టగొడుగుల పంక్తి

మృగశిర కార్తె ప్రవేశించి నాలుగు మంచి వానలు పడినంతనే మన పల్లెలలో పుట్టల చెంతను, పొలముగట్ల మీదను తెల్లని గొడుగులు లేచును. పల్లెయాడువారు చీకటితోనే గంపలు చేతబట్టి వానిని వెదకబోవుదురు. ప్రొద్దెక్కినచో గొడుగు విచ్చిపోవును, పురుగు పట్టును. పత్రికలవారు మాత్రము ఏ వస్తువైనను మితిమీరి పెరిగినచో “పుట్టగొడుగులవలె మొలచినవి” అని వ్రాయుచుందురు. మంచి పుట్టగొడుగు మొలచుట యంత సులభము కాదనియు, దానిని గుర్తించుట యంతకంటెను సులభము కాదనియు ఆ మాట వ్రాయువా రెరుగరు కాబోలు! మేమును నిన్నమొన్నటివరకు ఎరుగము.

మేము హైదరాబాదు పాతబస్తీవారము. మా వాడ లాల్‌దర్వాజకును ఛత్రినాకకును నడుమ నున్నది. ఛత్రి యనగా గొడుగే గదా! పేరులో గొడుగున్నను మా పరిసరములలో పుట్టగొడుగు మొలచుటకు జానెడు మట్టినేల మిగులలేదు. 1591లో కట్టబడి, తోటల నగరమని పేరుపడిన యీ యూర నేడు నాగులపంచమినాడు పాలు పోయుటకు పుట్ట కావలెనన్నను మా యాడువారు గుడుల వెంట వెదకికొని పోవలసివచ్చుచున్నది. అంగడికి బోయి అడిగినచో పొట్లములలో నమర్చిన గుండ్రని తెల్లపుట్టగొడుగులు దొరకును. అవి గదులలో పెంచిన పంట. పుట్టను చూడని పుట్టగొడుగులు!

గత సంవత్సరము బోనాల సందడి యణగిన వారము దినములకే మా వాడలో నొక సంఘటన జరిగినది. పల్లెనుండి జీవనోపాధికై క్రొత్తగా వచ్చిన యొక కుటుంబము మా సందు చివర కాపురముండెను. వాన వెలిసిన యుదయమున ఆ యిల్లాలు ఖాళీస్థలములోని పచ్చికలో తెల్లని పుట్టగొడుగులను చూచినది. చిన్ననాట తల్లి వండిపెట్టినవి జ్ఞాపకము వచ్చి, కొంగునిండ ఏరి తెచ్చి వండినది. విషమేమోయను శంకతో, పెద్దలు చెప్పిన ప్రకారము, వెండిమెట్టె నొకదానిని ఉడుకుచున్న కూరలో వేసి చూచినది. మెట్టె నల్లబడలేదు. భార్యాభర్తలును పదేండ్ల పిల్లవాడును సంతోషముగా భుజించిరి. రెండు గంటలు గడువకమునుపే ముగ్గురికిని వాంతులు, విరేచనములు ఆరంభమైనవి. ఇరుగుపొరుగువారము ఆటోలలో వేసికొని ఆసుపత్రికి పరుగిడితిమి. మూడు దినములకు తేరుకొని యిల్లు చేరిరి. పిల్లవాని మంచముకడ కూర్చుండి ఆ తల్లి యేడ్చిన మాట మా చెవులలో నేటికిని మారుమ్రోగుచున్నది: “మా అమ్మ తినిపిచ్చినయి గిట్లనే ఉండె. మెట్టె గూడ ఏసి చూసిన.”

ఆమె తప్పేమున్నది? తల్లి యెరుగును, తాను చూచినది. తల్లి నేర్పలేదు, తాను నేర్చితిననుకొన్నది. ఇందు ఒక్క యింటి దురదృష్టము గాక, పల్లె విడిచి పట్టణము చేరిన మన యందరి లోటును గానవచ్చినది.

వెండిపరీక్షను గూర్చి మొదట చెప్పవలెను. వెండి నల్లబడుట గంధకము తగులుటచేత గాని విషము తగులుటచేత కాదు. ఉడికిన కోడిగ్రుడ్డు తగిలినను వెండిచెంచా నల్లబడును గదా! ప్రాణము తీయు పుట్టగొడుగు వెండిని మార్పక విడువవచ్చును. వెల్లుల్లి నల్లబడవలెననుట, బియ్యము ఎర్రబారవలెననుట, పురుగు తిన్నది మనకును పనికివచ్చుననుట, ఇవన్నియు నట్టివే. మనుష్యులకు ప్రాణాంతకమైన దానిని నత్తలు సుఖముగా తిని తిరుగును. బాగుగా ఉడికించిన విషము విరుగుననుట మరింత ప్రమాదకరము. మిక్కిలి క్రూరమైన జాతులలోని విషము ఎంత మరిగించినను నశింపదు.

ఆ విషపు నడక యెట్టిదో గృహిణులందరును తెలిసికొనదగినది. పచ్చికలో మొలచి, లేతప్పుడు తెల్లగా నుండి, ముదిరిన కొలది గొడుగు క్రింది పొరలు ఆకుపచ్చనగు జాతి యొకటి కలదు. అది తిన్న కొన్ని గంటలలోనే కడుపును తిరుగవేయును. మా వాడవారు తిన్నది అట్టిదేయని వైద్యులనిరి. అది వారి యదృష్టమే. ఏలయన మరియొక జాతి తిన్నవారికి ఆరు మొదలు ఇరువదినాలుగు గంటలవరకు ఏ బాధయు తోపదు. తరువాత వాంతులు, విరేచనములు. ఆపై ఒకటి రెండు దినములు నెమ్మది. గండము గడచెనని యింటివారు దేవునికి మ్రొక్కుకొను సమయమునకే లోపల కాలేయము చెడిపోవుచుండును. 2022 ఏప్రిల్ మాసమున అస్సాము రాష్ట్రములో అడవి పుట్టగొడుగులు తిని పదుముగ్గురు మరణించిరి. వారిలో పెక్కుమంది తేయాకు తోటల కుటుంబములవారు. అందుచేత పుట్టగొడుగులు తిన్న తరువాత ఏ కొంచెము బాధ కలిగినను, తగ్గినదిగదాయని యూరకుండక 108 సంఖ్యకు ఫోనుచేసి ఆసుపత్రి చేరవలెను. మిగిలిన పుట్టగొడుగునో, వండిన కూరనో వెంట గొనిపోయినచో వైద్యులకు సహాయమగును.

ఇంత భయము గలదానిని మన పెద్దలు తరతరములుగా ఎట్లు తినిరి? ఈ ప్రశ్న మమ్ము విడువలేదు. మా వాడలోని యొక అవ్వ దానికి సమాధానము చెప్పెను. ఆమెకు డెబ్బది యేండ్లు దాటినవి. పుట్టినది నగరమునకు పడమటనున్న యొక చిన్న పల్లె. కోడలై పాతబస్తీకి వచ్చి యేబది సంవత్సరములైనది. నగరములో మొలచిన పుట్టగొడుగును ఆమె యేనాడును ముట్టలేదట. “ఒక్కదాన్ని ఎన్నడు ఏరలేదు బిడ్డా! నలుగురం పోదుము. అందరికి ఎరుకైతేనే గంపల పడేది. ఒక్కరు వద్దంటే అందరు వద్దన్నట్టే” అని ఆమె చెప్పెను. ఈ ఒక్క మాటలో వెండిమెట్టె చేయలేని పరీక్ష యున్నదని మాకు తోచినది.

ఈ సంవత్సరము శ్రావణమాసములో నొక శనివారము అవ్వను ముందిడుకొని ఆమె పుట్టినూరికి పోయితిమి. మేము ఎనమండ్రము. గత సంవత్సరము ఆసుపత్రి పాలైన యిల్లాలును వచ్చినది. రానని మొదట భీష్మించినను అవ్వయే చేయిపట్టి తీసికొనివచ్చెను. పొరుగింటి ఆపా తన కుమార్తెతో వచ్చినది. అవ్వగారి తమ్ముని పొలము చేరునప్పటికి తూర్పు తెల్లవారుచుండెను. రాత్రి కురిసిన వానకు నేల మెత్తబడి యుండెను. గట్టుమీది పాతపుట్ట చుట్టును నేలను పగులగొట్టుకొని పదిపండ్రెండు గొడుగులు లేచియుండెను. అవ్వ పుట్టకు నమస్కరించి, కూర్చుండి, వ్రేళ్లతో మట్టిని తొలగించి, కాడను మెల్లగా పైకి తీసెను. నేలలోపల మూరెడు పొడవు వేరువంటి కాడ యున్నది! “గీ ఏరు పుట్టలకు పోవాలె. ఏరు లేనిది నాకొద్దు. ఏరున్నా నాకు ఎరుకలేనిది నాకొద్దు” అని ఆమె పాఠము చెప్పెను.

పుట్టకును పుట్టగొడుగునకును గల సంబంధము పేరులోని చమత్కారము మాత్రమే కాదు. చెదపురుగులు ఎండుగడ్డిని, ఎండుకట్టెను కొరికి తెచ్చి, తిని విసర్జించిన దానితో పుట్టలోపల తేనెపట్టువంటి మడులు కట్టి, ఆ మడులలో ఒక జాతి శిలీంధ్రమును పెంచును. కట్టెలోని గట్టి పదార్థమును ఆ శిలీంధ్రము మెత్తబరచగా చెదలు దానిని భుజించును. ఈ వ్యవసాయము సుమారు 3 కోట్ల సంవత్సరములనుండి జరుగుచున్నదని శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. మానవుడు వ్యవసాయము నేర్చి పట్టుమని పదునైదు వేల యేండ్లయినను కాలేదు! వానలకు పుట్ట తడిసినపుడు ఆ మడినుండియే కాడ నేలను చీల్చుకొని పైకి వచ్చి గొడుగు విప్పును. ఫ్రెంచి శాస్త్రజ్ఞు డొకడు 1942లో ఈ జాతికి చెదల పేరు కలిపి టెర్మిటోమైసిస్ అని నామకరణము చేసెను. మన తెలుగువా రంతకు ఎంతో ముందే పుట్టగొడుగని పిలిచిరి. చెదలు లేనిదే యిది పెరుగదు గనుక మనుష్యులు దీనిని గదులలో పంటగా పెంచలేకపోవుచున్నారు. పుట్టను చదును చేసిననాడే ఈ పంటయు పోయినది. మా నగరమున జరిగినది ఇదియే.

మేము గట్టు వెంబడి పోయి గంగవాయిలికూర, పొన్నగంటికూర, తుమ్మికూర కూడ కోసితిమి. ప్రొద్దెక్కునప్పటికి పుట్టగొడుగులతో రెండు గంపలు సగము నిండినవి. అప్పుడొక పొరపాటు బయటపడినది. మాలో నొకరు ఉత్సాహముకొలది చెట్టుక్రింద మొలచిన మరికొన్ని తెల్లని గొడుగులను కాడ విరిచి తెచ్చి రెండవ గంపలో కలిపివేసిరి. వేరు లేదు, ముక్కలైనవి, ఏవి పుట్టవో ఏవి చెట్టువో చూచిన పిదప చెప్పలేకపోయితిమి. అవ్వ గంప ముందు చాలసేపు కూర్చుండెను. నాలుగైదింటిని చేతిలో త్రిప్పి చూచెను. తుదకు గంప నెత్తి గుంటలో కుమ్మరించి మట్టి కప్పెను. అందులో మంచివే యెక్కువ యుండవచ్చును. తెల్లవారుజాముననే లేచి చేసిన శ్రమలో సగము మట్టిపాలైనది. తెచ్చినవారి ముఖము చిన్నబోయినది. అవ్వ కోపింపలేదు. “ఎవుసంల గింజ పోతది. గంప పోతె ఏమైతది? మనిషి పోతె తెస్తమా?” అని ఆమె యనగా, గత సంవత్సరపు బాధపడిన యిల్లాలు తలవంచుకొని కన్నులు తుడుచుకొనెను.

ఈ విద్య అవ్వలతోనే అంతరించునా యను దిగులు మాకు కలిగినది. కాని దానిని కాపాడుకొనుచున్న స్త్రీలు మనకు దగ్గరలోనే యున్నారు. హైదరాబాదునకు పడమట జహీరాబాదు ప్రాంతమున 1983లో నెలకొన్న దక్కను డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని పల్లెస్త్రీలు చిరుధాన్యముల విత్తనములను కాపాడుటయే గాక, ఎవరును విత్తకయే పొలములలో మొలచు పదులకొలది ఆకుకూరలను గుర్తించి తినుచు, ఇతరులకు నేర్పుచు వచ్చిరి. ఏటేట సంక్రాంతినాళ్లలో విత్తనములను ఎడ్లబండ్లపై అలంకరించి ఊరూర త్రిప్పు పాతపంటల జాతర వారి సంకల్పమే. 2019లో ఐక్యరాజ్యసమితి యభివృద్ధి సంస్థవారి ఈక్వేటర్ బహుమానము వారికి లభించినది. తినదగినదేదో, తినగూడనిదేదో తెలియుట చదువు కాదని యెవరనగలరు?

పాశ్చాత్యులును ఈ విషయమున ఒంటరి బుద్ధిని నమ్మరు. స్విట్జర్లాండు దేశమున అడవిలో పుట్టగొడుగులు ఏరినవారు తమ గంపను ఊరి పరీక్షకులకు చూపుకొను ఏర్పాటు గలదు. ఆ పరీక్షకుల సంఘము 1925లో ఏర్పడినది. ఫ్రాన్సులో మందుల యంగడివారికి చదువులోనే పుట్టగొడుగులను గుర్తించుట నేర్పుదురు. మనకు అట్టి పరీక్షకులు లేరు, ఉన్నది అవ్వయే. అవ్వ లేనిచోట అడవి పుట్టగొడుగు జోలికి పోకుండుటయే మేలు. పుస్తకములోని బొమ్మను గాని, ఫోనులోని బొమ్మను గాని నమ్మి వండరాదు.

అయినచో పట్టణపు గృహిణికి పుట్టగొడుగు దక్కదా? నిశ్చయముగా దక్కును, పెంచుకొనవచ్చును. పాతబస్తీకి దగ్గరనేయున్న రాజేంద్రనగరులో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ పుట్టగొడుగుల పెంపకమున శిక్షణ యిచ్చుచు వచ్చినది. హిమాచలప్రదేశములోని సోలన్ నగరమున 1983లో ఇందుకొరకే యొక జాతీయ పరిశోధన కేంద్రము నెలకొన్నది. అంగడిలో దొరకు గుండ్రని రకమునకు చల్లదనము కావలెను గనుక మన యిండ్లలో పెంచుట కష్టము. మనకు తగినవి రెండు: వర్షకాలమునకును శీతకాలమునకును ముత్యపుచిప్ప పుట్టగొడుగు, ఎండకాలమునకు పాల పుట్టగొడుగు. ఈ రెండవది మన దేశపుదే. 1974లో పశ్చిమబెంగాలు శాస్త్రజ్ఞులు దానిని గుర్తించి వర్ణించిరి. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు 1998లో పెంపకమునకు తగిన రకమును విడుదల చేసిరి.

మేము ఆషాఢమున ఆరు సంచులలో ముత్యపుచిప్ప రకమును పెట్టితిమి. పద్ధతి కష్టమైనది కాదు. బూజు పట్టని ఎండువరిగడ్డిని రెండంగుళముల ముక్కలుగా నరికి, రాత్రియంతయు నీట నానవేసి, మరునాడు బాగుగా కాగిన నీటిలో గంటసేపు ఉంచి, వార్చి ఆరబెట్టవలెను. పిడికిట బిగించిన నీరు కారరాదు. అరచేయి మాత్రము తడియవలెను. పిమ్మట పాలిథీన్ సంచిలో ఒక వరుస గడ్డి, అంచుల వెంబడి ఒక వరుస విత్తనము, ఇట్లు నింపి, మూతికట్టి, చుట్టును చిన్న రంధ్రములు చేయవలెను. ఈ విత్తనమన నేమో కాదు, తెల్లని బూజు పట్టించిన జొన్నలే! సంచులను చీకటి గదిలో వ్రేలాడగట్టినచో పదునైదు ఇరువది దినములలో లోపలి గడ్డియంతయు తెల్లని దారములతో నిండును. అప్పుడు కొంచెము వెలుతురు, గాలి తగులనిచ్చి, పూటకొకమారు నీరు చిలుకరింపగా మొగ్గలు పుట్టి నాలుగైదు దినములలో కోతకు వచ్చును. అంచులు పైకి విచ్చుకొనక ముందే కోయవలెను. ముదిరినచో సన్నని పొడి రాలి కొందరికి దగ్గు పుట్టించును. మా యారు సంచులలో నొకదానికి పచ్చని బూజు పట్టగా తీసి దూరముగా పారవేసితిమి. మిగిలిన యైదును వాడకు సరిపోవునంత పంట నిచ్చినవి.

ఆదివారము మధ్యాహ్నము మా మేడమీద పంక్తి తీరినది. ఇరువది మందికి పైగా కూర్చుండిరి. మేము కోసిన ముత్యపుచిప్ప పుట్టగొడుగులలో సగము నువ్వులపొడియు చింతపండును వేసి పులుసు పెట్టితిమి. తక్కిన సగమును ఆపా ఉల్లిపాయలు దండిగా వేసి దోప్యాజా చేసినది. బగారా అన్నము, ఖట్టీదాల్ కూడ ఆమె యింటినుండియే వచ్చినవి. గంగవాయిలికూర పప్పు, తుమ్మికూర వేపుడు, జొన్నరొట్టెలు తలకొక యింటివారు తెచ్చిరి. పుట్టగొడుగు తినని యిల్లు మా వాడలో రెండున్నవి. మనుస్మృతిలో ఉల్లి, వెల్లుల్లితో పాటు దీనినికూడ ద్విజులకు నిషేధించిరి. ఆ యాచారము పాటించువారికి ఆకుకూరలు వేరు పాత్రలలో వండి వేరుగా వడ్డించితిమి. వారును పంక్తిలోనే కూర్చుండిరి.

తుదకు అవ్వ తన గంపలోని పుట్టగొడుగులను ఉప్పుకారములతో మాత్రము ఇగురుపెట్టి చిన్న గిన్నెలో తెచ్చెను. పెద్దలందరికిని తలకొక చెంచాడు వచ్చినది. పిల్లలకు పెట్టలేదు, అది ఆమె నియమము. వడ్డించుటకు ముందు నిన్నటి ఎనమండ్రను ఒక్కొక్కరిని అడిగెను: “వద్దనేటోల్లు ఎవరన్న ఉన్నరా?” ఒకరును వద్దనలేదు. ఆమె చూపు చివరకు ఆ యిల్లాలిపై నిలిచినది. ఆమె చాలసేపు గిన్నెవంక చూచి, “వేరు నేనే తవ్విన అవ్వా, నాకు ఎరుకే” అనెను. మొదటి చెంచా ఆమె విస్తరిలోనే పడినది. ఆ చెంచాడు ఇగురు రుచిని మేము వర్ణింపలేము.

సోదరీమణులారా! మా యనుభవమునుండి నాలుగు మాటలు మనవి చేసికొందుము. పెంచిన పుట్టగొడుగును నిర్భయముగా వండుకొనుడు; కొన్నదానిని పాలిథీన్ సంచిలో మూయక కాగితములో చుట్టి, రెండు దినములలోపల వాడుడు. వండుటకు ముందు గొడుగులను తలక్రిందుగా ఒక గంట యెండలో నుంచినచో మన యాడువారిలో పెక్కుమందికి కొరతగానున్న డి విటమిను వానిలో వృద్ధియగును. అడవి పుట్టగొడుగును మాత్రము ఎరిగిన పెద్దలు లేక ముట్టకుడు. మీ యింటను, మీ వాడను అట్టి యవ్వ యొకతె యున్నచో ఈ వానకారు దాటకముందే ఆమె వెంట ఒకమారు పొలమునకు పోయి రండు. ఆమె తీసికొనిన దానికంటె పారవేసిన దానిని శ్రద్ధగా గమనింపుడు. అసలు చదువు అందే యున్నది.